బొజ్జకు ఓ కిటికీ

2024 జూన్ 17. లండన్‌లోని నోయెల్ కవర్డ్ థియేటర్లో 'ప్లేయర్ కింగ్స్' నాటకం నడుస్తోంది. షేక్‌స్పియర్ రాసిన 'నాలుగో హెన్రీ' రెండు భాగాలనూ కలిపి రాబర్ట్ ఐక్ తయారుచేసిన ప్రదర్శన అది. తాగుబోతు, తిండిపోతు, మాటకారి అయిన ఫాల్‌స్టాఫ్ వేషంలో ఉన్నది ఇయాన్ మెకెల్లెన్. అప్పటికి ఆయన వయసు 85. యుద్ధం సీన్లో కాలు పట్టు తప్పి స్టేజీ మీంచి ప్రేక్షకుల వైపు పడిపోయాడు. మణికట్టు విరిగింది, వెన్నుపూస ఒకటి చిట్లింది. పక్కటెముకలు మాత్రం దక్కాయి. ఒంటికి తగిలించుకున్న దొంగ బొజ్జే వాటిని కాపాడిందని తర్వాత ఆయనే చెప్పాడు.

బొజ్జ వేషం గురించి ఇంత మంచి మాట నటుల నోట అరుదుగా వస్తుంది. మామూలుగా వినిపించేవి తిట్లే. దెబ్బను లోపలికి రానివ్వని మెత్తే వేడిని బయటికి పోనివ్వదు మరి. పుష్యమాసంలో బొంత కప్పుకున్నవాడికి అది హాయి. ఏప్రిల్ రాత్రి శ్రీరామనవమి పందిట్లో, ఫోకస్ లైట్ల కింద ఘటోత్కచుడు కట్టినవాడికి అదే బొంత శిక్ష. ఎస్వీ రంగారావు ఒడ్డూ పొడుగూ అందరికీ రావు కాబట్టి ఘటోత్కచుడికీ, కుంభకర్ణుడికీ, హాస్య నాటికలో ప్రెసిడెంటుగారికీ మెత్తలు కట్టక తప్పదు. కట్టాక, 'నటుడన్నాక ఆ మాత్రం ఓర్చుకోవాలి' అనే మాట కూడా తప్పదు.

ఆ మాటే తప్పు. వేడి ఓర్పుకు సంబంధించిన విషయం కాదు, కుట్టుకు సంబంధించిన విషయం. వేషం కుట్టేనాడే వేడి పోయే దారి పెట్టినవాడు హాయిగా పద్యం పాడతాడు. పెట్టనివాడు నాటకం రోజున ఐసుగడ్డల కోసం ఊరంతా పరుగులు తీయిస్తాడు.

ముందు లెక్క చూడాలి. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్ళు సుమారు 100 వాట్ల వేడిని వదులుతుంది. అంటే పాతకాలపు గుండు బల్బు ఒకటి ఎప్పుడూ లోపల వెలుగుతున్నట్టే. గద తిప్పుతూ, గంతులేస్తూ, గొంతెత్తి పాడేవాడి ఒంట్లో అలాంటి బల్బులు నాలుగైనా వెలుగుతాయి. కండరం నూరు పాళ్ళ శక్తి ఖర్చుపెడితే పనికి వచ్చేది 20, 25 పాళ్ళే. మిగతాదంతా వేడి. మామూలు బట్టల్లో ఉన్నవాడు ఆ వేడిని ఎప్పటికప్పుడు వదిలించుకుంటాడు. మెత్తల్లో ఉన్నవాడికి అందులో 200 వాట్లు బయటికి పోలేక లోపలే పోగవుతున్నాయనుకుంటే, 70 కిలోల మనిషి ఒళ్ళు దాదాపు 20 నిమిషాలకు ఒక డిగ్రీ సెల్సియస్ చొప్పున కాగుతుంది. 37 దగ్గర మొదలైనవాడు 40 నిమిషాలకు 39 దగ్గర ఉంటాడు. 40 డిగ్రీలు వడదెబ్బ గడప.

పౌరాణిక నాటకాల్లో ఈ లెక్కకు అందని చిక్కు ఇంకోటుంది. వన్స్‌మోర్. రిహార్సల్లో గడియారం పెట్టి చూసుకున్న సీను జనం మెచ్చుకుంటే ఎంతసేపు సాగుతుందో ఎవరూ చెప్పలేరు. పద్యం రెండోసారి ఎత్తుకున్నప్పుడల్లా బొజ్జ లోపలి పొయ్యిలో ఇంకో పుల్ల పడినట్టే. చప్పట్లు ఆగాక లోపలికి వచ్చి కూలబడే నటుణ్ణి చూసి 'పాత్రలో లీనమైపోయాడు' అనుకునేవాళ్ళున్నారు. చాలాసార్లు అది లీనం కావడం కాదు, ఉడికిపోవడం.

ఇంత వేడినీ తీసేసే యంత్రం మనిషి ఒంట్లోనే ఉంది. దాని పేరు చెమట. చర్మం మీంచి ఒక లీటరు చెమట ఆవిరైతే 7 కిలోల మంచుగడ్డ కరిగినప్పుడు లాగినంత వేడి పోతుంది. ఇంత గొప్ప కూలర్ బజార్లో దొరకదు. అయితే మెలిక అంతా 'ఆవిరైతే' అన్న మాటలోనే ఉంది. కారి నేల మీద పడిన చెమట ఒంటిని చల్లబరచదు. దూదిలో ఇంకిన చెమట అసలే చల్లబరచదు. పైగా దూది బరువెక్కుతుంది, తడిసి ఒంటికి అతుక్కుంటుంది, ఆ బరువు మోయడానికి ఇంకాస్త వేడి పుడుతుంది. ఎయిర్ కూలర్ సంగతి తెలిసినవాళ్ళకు ఈ సూత్రం వేరే చెప్పక్కర్లేదు. అదే కూలర్ మే నెలలో నిజామాబాద్‌లో గదిని చల్లబరుస్తుంది, కాకినాడలో గదిని చెమ్మ చేసి ఊరుకుంటుంది. తేమ నిండిన గాలి కొత్త తేమను పుచ్చుకోదు. బిగుతు మెత్తల కింద చిక్కుకున్న గాలి ఎప్పుడూ కాకినాడ గాలే, నాటకం నిజామాబాద్‌లో ఆడినా సరే.

సినిమావాళ్ళు ఈ పాఠం కష్టపడి నేర్చుకున్నారు. 1939లో వచ్చిన 'ది విజర్డ్ ఆఫ్ ఓజ్'లో పిరికి సింహం వేసిన బెర్ట్ లార్‌కు తొడిగింది అసలు సింహం తోళ్ళతో కుట్టిన వేషం. బరువు 40 కిలోలకు దగ్గర. అప్పటి టెక్నికలర్ కెమెరాకు విపరీతమైన వెలుగు కావాలి, ఆ వెలుగు కోసం పెట్టిన ఆర్క్ దీపాల కింద సెట్టు కాగిపోయేది. షాట్ అయ్యాక వేషం విప్పడం, ఆరబెట్టడం ఒక పెద్ద పని.

1954లో జపాన్‌లో 'గాడ్జిల్లా' తీసినప్పుడు హరువో నకజిమాకు మొదట తయారుచేసిన రబ్బరు వేషం దాదాపు 100 కిలోలు తూగింది. తెర మీద రాక్షసి భారీగా, నెమ్మదిగా కదలాలంటే కెమెరాను వేగంగా తిప్పాలి. కెమెరా వేగం పెరిగితే వెలుగు పెంచాలి. వెలుగు పెంచితే వేడి. నకజిమా ఒక్కో విడతలో కొద్ది నిమిషాల కంటే లోపల ఉండలేకపోయేవాడు. బయటికి వచ్చాక బనీను పిండితే సగం బకెట్ చెమట వచ్చేదని తర్వాత చెప్పుకున్నాడు. ఆయన గట్టి మనిషి, 88 ఏళ్ళు బతికి 2017లో పోయాడు. గాడ్జిల్లా పుట్టుక గురించి రాసేవాళ్ళు ఆ సగం బకెట్‌ను ఆయన పట్టుదలకు గుర్తుగా చెబుతారు. నిజానికి అది వేషం కుట్టినవాళ్ళ లెక్క తప్పిందనడానికి గుర్తు. రెండోది ఒప్పుకోకపోతే మొదటిది ఎన్ని తరాలైనా కొనసాగుతుంది.

దీనికి మందు మన ఊళ్ళలోనే ఉంది. పశ్చిమగోదావరి జిల్లా తణుకు బుట్టబొమ్మలకు పేరు. వెదురు పేళ్ళతో బుట్ట అల్లి, పైన తల అమర్చి, చీర కట్టి, మనిషి లోపల దూరి ఊరేగింపులో ఆడిస్తాడు. చూసేవాళ్ళకు నిలువెత్తు లావుపాటి బొమ్మ. లోపల ఉన్నవాడి చుట్టూ ఉన్నది బుట్టంత గాలి. కీలుగుర్రం కట్టేవాళ్ళదీ ఇదే కిటుకు. లావు కావాలంటే ఏదో ఒకటి కుక్కాలనే ఆలోచన వాళ్ళకు రాలేదు. లావును అల్లేశారు.

యూరప్‌లో మాత్రం కుక్కడం చాలాకాలం నడిచింది. 16వ శతాబ్దంలో అక్కడి మగవాళ్ళు కోట్లలో దూది, ఉన్ని, గుర్రపు వెంట్రుకలు కుక్కి ఛాతీ, పొట్ట ఉబ్బించుకునేవారు. ఆ కూరే దూదికి ఇంగ్లీషులో బాంబాస్ట్ అని పేరు, తర్వాత అదే మాట డాబుసరి మాటలకు అతుక్కుంది. మన బూరుగు చెట్టు శాస్త్రీయ నామంలోని బాంబాక్స్ కూడా ఆ కుదురుదే. 19వ శతాబ్దానికి వస్తే ఆడవాళ్ళ గౌన్ల సంగతి ఇంకా ఘోరం. గంజి పెట్టిన లోపలి పావడాలు ఒకదాని మీద ఒకటి తొడిగేవారు. 1856లో పారిస్‌లో ఉక్కు తీగలతో అల్లిన పంజరం లాంటి క్రినొలిన్‌కు పేటెంటు వచ్చింది. పావడాల మూట పోయి ఒక్క పంజరం మిగిలింది. గౌను ఇంకా వెడల్పయింది, కాళ్ళకు గాలి తగిలింది. ఆ ఫ్యాషన్‌ను పత్రికలవాళ్ళు తెగ వెక్కిరించారు గాని, తొడుక్కున్నవాళ్ళు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

కాబట్టి బొజ్జ కుట్టేవాళ్ళు మొదట అడగాల్సింది 'ఏం కూరుదాం' అని కాదు, 'ఎక్కడ ఖాళీ వదులుదాం' అని. 90 సెంటీమీటర్ల నడుమును 140 చెయ్యాలంటే చుట్టూ 8 సెంటీమీటర్ల మందాన మెత్త కావాలి. కాని ప్రేక్షకుడికి కనిపించేది ముందు వైపూ, రెండు పక్కలూ. ఘటోత్కచుడి వీపు మీద ఉత్తరీయమో, జుట్టో, పటకానో ఉండనే ఉంటుంది. వీపున మెత్త తీసేస్తే వేషానికి వచ్చే నష్టం లేదు, నటుడికి వచ్చే లాభం మాత్రం చాలా ఎక్కువ. మొండెంలో చెమట జోరుగా పట్టే చోటు వీపు మధ్య, నడుం పైభాగమే. ఆ ఒక్క చోటు తెరిచి ఉంచితే సగం గండం గడిచినట్టే.

ఇప్పుడు బొజ్జనే దగ్గర నుంచి చూద్దాం. ఒంటికి ముందు పలచటి, ఒంటికి హత్తుకునే బనీను. ఆటగాళ్ళు వేసుకునే, తొందరగా ఆరే రకం మంచిది, అది చెమటను పరిచి ఆవిరి చేస్తుంది. మందపాటి నూలు బనీను తడిసి అట్టకడుతుంది. దాని మీద జాలీ పొర రావాలి. స్కూలు బ్యాగు వీపు వైపున కుట్టే, వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేచే జాలీ గుడ్డ ఉంటుందే, అది. ఈ పొర పని ఒకటే, ఒంటికీ మెత్తకూ మధ్య వేలెడు ఎడం నిలబెట్టడం. మెత్త దాని పైన వస్తుంది, అదీ ఒకటే దిమ్మగా కాదు. స్పాంజిని రెండు మూడు అంగుళాల పట్టీలుగా కోసి, పైనుంచి కిందికి నిలువుగా, పట్టీకీ పట్టీకీ మధ్య వేలు దూరేంత సందు ఉండేలా అతికించాలి. ఆ పట్టీల మీద పలచటి స్పాంజి డొప్ప ఒకటి పరిస్తే పైకి గుండ్రంగా, నున్నగా కనిపిస్తుంది. ఇంకా పెద్ద బొజ్జ కావాలంటే స్పాంజి పెంచకూడదు, పేముతోనో ప్లాస్టిక్ బద్దలతోనో రెండు మూడు వంపులు కట్టి డొప్పను వాటి మీద నిలబెట్టాలి. అదే బుట్టబొమ్మ పద్ధతి.

సందులు నిలువుగానే ఎందుకంటే వేడి గాలి పైకి పోతుంది. బొజ్జ కింది అంచు పంచెకట్టు మీద బిగుసుకోకుండా వదులుగా ఉండాలి, చల్లగాలి అక్కడ లోపలికి వస్తుంది. పైన చంకల కింద, మెడ వెనక, నగల చాటున చీలికలు పెట్టాలి, వేడిగాలి అక్కడ బయటికి పోతుంది. పొయ్యికి గొట్టం పెట్టినట్టన్నమాట. నటుడు నడిచినప్పుడల్లా బొజ్జ కొద్దిగా ఊగి తనంతట తనే గాలి ఆడిస్తుంది. కింద తాడుతో బిగించి, పైన కాలరు బిగించి కట్టిన బొజ్జలో ఎన్ని సందులున్నా దండగే.

బొజ్జ బరువు నడుం మీద కాదు, భుజాల మీద పడాలి. ప్యాంటుకు పెట్టే భుజం పట్టీల్లాంటివి రెండు కుడితే చాలు. పొట్ట మీద బెల్టులా బిగిస్తే ఊపిరి పట్టు చెడుతుంది, రాగం తీసేటప్పుడు గాలి చాలదు. వేడికి, ఊపిరి కరువుకు ఒకేసారి చిక్కిన నటుడు ఏ పద్యమూ నిలబెట్టలేడు.

అద్దె డ్రెస్సులు తెచ్చుకునే సమాజాలు ఎలాగూ కుట్టించుకోలేవు కదా అనొచ్చు. పై కోటు, కిరీటం, నగలు అద్దెవి కానివ్వండి. బొజ్జ మాత్రం నటుడికి సొంతం కావడం మేలు. అద్దె మెత్తలో ఎంతమంది చెమట ఇంకిందో చెప్పలేం, చెమటకాయలూ తామరా అక్కడి నుంచే అంటుకుంటాయి. సొంత మెత్తకు జిప్పుతో విప్పే గలేబు కుట్టిస్తే ప్రదర్శన అయ్యాక ఉతుక్కోవచ్చు, స్పాంజిని ఎండలో ఆరేసుకోవచ్చు. వరస ప్రదర్శనలుంటే రెండు జతలు కావాలి, తడి బొజ్జ తొడుక్కుని రెండో ఆట ఆడకూడదు. ఉతకడానికి వీల్లేని డ్రెస్సుల మీద పాశ్చాత్య నాటకశాలల్లో చవక వోడ్కాను నీళ్ళతో కలిపి చల్లుతారు. వాసన చంపడానికి మందు పనికొచ్చే మంచి దారి అదొక్కటే. స్టేజీ ఎక్కేముందు ధైర్యానికని మందు పుచ్చుకునే నటులకు మెత్తల కింద అది రెండింతల చేటు. ఒంట్లో నీరు లాగేస్తుంది, ఒంట్లో తేడా వచ్చిన సంగతి తెలియనివ్వదు.

స్పాంజి మంటకు తొందరగా అంటుకుంటుంది, అదొకటి గుర్తుండాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి వాళ్ళ నాటకాల్లోలాగా స్టేజీ మీద మాయలూ మంటలూ చూపించాలని ఉబలాటపడే సమాజాలు బొజ్జ వేషగాణ్ణి కాగడాలకు, బాణాసంచాకు ఎడంగా నిలబెట్టాలి.

బొజ్జలో గాలికి దారి పెట్టాకే ఫ్యాను గురించి ఆలోచించాలి. కంప్యూటర్లలో తిరిగేలాంటి చిన్న ఫ్యాను పవర్ బ్యాంకుతో తిరుగుతుంది. దాన్ని నడుం వెనక అమర్చి, బయటి గాలిని లోపలి సందుల్లోకి ఊదేలా పెట్టాలి. జపాన్‌లో సోనీలో పనిచేసి బయటికి వచ్చిన ఇచిగయా హిరోషి ఫ్యాన్లు కుట్టిన చొక్కాల కోసం 2004లో కంపెనీయే పెట్టాడు. ఇప్పుడు అక్కడ భవనాలు కట్టే కూలీలు వేసవంతా అవే వేసుకుంటారు. నాటకానికి వచ్చేసరికి చిక్కు మోతది. కాలర్ మైక్ పక్కన ఫ్యాను జుంయ్‌మంటే అది హాలంతా వినిపిస్తుంది. కాబట్టి మైక్‌తో పాటు ఫ్యానునూ పరీక్షించుకుని, అవసరమైతే సంభాషణ లేని చోటనే తిప్పాలి. చుట్టూ గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను మేలు కంటే కీడు చేస్తుంది. అది మధ్యాహ్నం ఊరేగింపుల్లో వేషం కట్టేవాళ్ళు గుర్తుంచుకోవాల్సిన అంకె.

ఐసు సంగతి. కిలో మంచుగడ్డ కరుగుతూ 200 వాట్ల వేడిని సుమారు 28 నిమిషాలపాటు లాగగలదు. అంటే రెండు కిలోలుంటే ఒక అంకం గట్టెక్కుతుంది. తర్వాత అది రెండు కిలోల దండగ బరువు. ఐసును నేరుగా ఒంటికి ఆనిస్తే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని వేడి బయటికి రావడమే మానేస్తుంది, గుడ్డ పొర మధ్యన ఉండాలి. ఐసు సంచి చుట్టూ పట్టే చెమ్మ మైక్ తీగల్లోకి దిగకుండానూ చూసుకోవాలి. మంచుకు బదులు 15, 20 డిగ్రీల దగ్గర కరిగే మైనం లాంటి పదార్థం నింపిన చొక్కాలు దొరుకుతున్నాయి. అవి కిలోకు మంచు లాగినంత వేడి లాగవు గాని ఒంటికి హాయిగా ఉంటాయి, చర్మాన్ని అంతగా ముడవవు.

అన్నిటికంటే గట్టి ఉపాయం అంతరిక్షం నుంచి వచ్చింది. 1966 జూన్‌లో జెమినీ 9ఎ నౌక నుంచి యూజీన్ సెర్నన్ రెండు గంటలకు పైగా బయట తేలాడు. ఆయన వేసుకున్న సూటును చల్లబరచడానికి పెట్టింది గాలి ఒక్కటే. పని ఎక్కువయ్యేకొద్దీ ఒంటి వేడినీ చెమటనూ అది లాక్కోలేకపోయింది. ముఖం ముందున్న అద్దం ఆవిరి పట్టి ఎదురేముందో కనిపించకుండా పోయింది, చెయ్యాల్సిన పని సగంలో ఆపి లోపలికి రావలసి వచ్చింది. తర్వాత చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళు సన్నటి గొట్టాలు కుట్టిన లోపలి దుస్తులు వేసుకున్నారు. ఆ గొట్టాల్లో చన్నీళ్ళు తిరుగుతాయి. 1972 డిసెంబరులో అపోలో 17లో చంద్రుడి మీద ఒక్కో విడత ఏడు గంటలకు పైగా పనిచేసింది ఇదే సెర్నన్. మనిషి ఓర్పు పెంచలేదు, లోపలి బనీను మార్చారు, అంతే. కార్ల పందేలవాళ్ళు ఆ పద్ధతి అందిపుచ్చుకున్నారు. సినిమాల్లో బరువు వేషాలు వేసేవాళ్ళకూ ఆ చొక్కా తొడిగి, షాట్‌కూ షాట్‌కూ మధ్య గొట్టం తగిలించి చన్నీళ్ళు తిప్పే వీలుంది.

ఊరి నాటక సమాజానికి అంత హంగు ఎక్కడిది? అక్కర్లేదు. సైడ్ వింగ్ వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని ముందు స్టూలు మీద ఒక బకెట్ చాలు. బకెట్లో కుండనీళ్ళు. సీను ముగించుకుని వచ్చిన ఘటోత్కచుడు కంకణాలు తీసి, రెండు చేతులూ మోచేతుల దాకా ఆ నీళ్ళలో ముంచి కూర్చోవాలి. అరచేతుల్లో వేడిని వదిలించే ప్రత్యేకమైన రక్తనాళాలున్నాయి. ఒంట్లో కాగిన రక్తం అక్కడికి వచ్చి చల్లబడి వెనక్కి పోతుంది. అగ్నిమాపక సిబ్బంది మంటల నుంచి బయటికి వచ్చాక చేసే పని ఇదే. పది నిమిషాలు కూర్చున్నా మంచి తేడా తెలుస్తుంది. ముఖానికి వేసిన రంగు చెడదు, కిరీటం తియ్యక్కర్లేదు. మెడ చుట్టూ తడి తువ్వాలు కూడా హాయిగానే ఉంటుంది గాని దాన్ని నమ్ముకోకూడదు. మెడ చల్లబడితే ఒళ్ళంతా చల్లబడినట్టు అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం పెద్దగా తగ్గదు. అరచేతులు మోసం చెయ్యవు.

తాగే నీళ్ళ లెక్కకు తూకం యంత్రం కావాలి. పూర్తి వేషంతో రిహార్సల్ చేసేనాడు ముందోసారి, తర్వాతోసారి పొడి లుంగీతో తూగితే తగ్గిన ఒక్కో కిలో ఒక్కో లీటరు చెమట. మధ్యలో తాగిన నీళ్ళు దానికి కలుపుకోవాలి. 70 కిలోల మనిషి కిలోన్నర దాకా కోల్పోతే ఒంట్లో చురుకు తగ్గుతుంది. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, ఉప్పూ పంచదారా కలిపిన నిమ్మరసం, బార్లీ నీళ్ళు అన్నీ పనికొస్తాయి. చెమట మరీ ఎక్కువ పోయేవాళ్ళకు ఓఆర్ఎస్ పొట్లం ఒకటి లీటరు నీళ్ళలో. ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ పట్టించడం కూడా మంచిది కాదు, ఒంట్లో ఉప్పు పలచబడి వాంతులూ తలనొప్పీ వస్తాయి. బొజ్జ విప్పి మూత్రానికి వెళ్ళడం పెద్ద తతంగమని పొద్దుటి నుంచి నీళ్ళు మానేసే నటులున్నారు. వాళ్ళ తప్పు కాదది. నిమిషంలో విప్పలేని బొజ్జ కుట్టినవాళ్ళది.

ఒళ్ళు కూడా నేర్చుకుంటుంది. రోజూ కాసేపు వేడిలో పనిచేస్తే వారం నుంచి రెండు వారాల్లో చెమట తొందరగా పట్టడం, ఎక్కువగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం మొదలవుతాయి. మొదటి రోజు 20 నిమిషాలు, తర్వాత అరగంట, ఆ తర్వాత ఒక అంకం చొప్పున పెంచుకుంటూ పోవాలి. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. బొజ్జతో కూర్చోవడం, లేవడం, తలుపులో పక్కకు తిరగడం అలవాటైన నటుడి నడకలోనే ఆ లావు కనిపిస్తుంది. నాటకం రోజున మొదటిసారి బొజ్జ కట్టినవాడు బొజ్జను మోస్తున్నట్టే కనిపిస్తాడు.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కండరాలు పట్టెయ్యడం మొదటి హెచ్చరికలు. ఇవి నటుడికి తెలుస్తాయి, చెప్పాలి. దర్శకుడి ముందు అలా చెప్పడం చిన్నతనం అనుకునేవాళ్ళ కోసమే ఓ ఏర్పాటు అవసరం. వేషగాడు ఎడమ చెయ్యి కిరీటం మీద పెట్టుకుంటే లైట్లు ఆర్పి తెర దించాలని ముందే ఒప్పందం ఉండాలి. రెండో రకం గుర్తులు నటుడికి తెలియవు, పక్కవాళ్ళే కనిపెట్టాలి. తెలిసిన డైలాగు తారుమారు కావడం, పొంతన లేని మాటలు, చూపు నిలవకపోవడం, తూలడం. అప్పటికి లోపల 40 దాటి ఉండొచ్చు. అప్పుడు ముడులు విప్పుతూ కూర్చోకూడదు, కత్తెరతో కోసెయ్యాలి. ఒంటి మీద నీళ్ళు కుమ్మరించి గట్టిగా విసరాలి, మెడకు, చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టాలి, 108కి ఫోన్ చెయ్యాలి. మగతలో ఉన్నవాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఆ కత్తెర వింగ్‌లో మేకుకు వేలాడుతూ ఉండాలి, మేకప్‌మాన్ పెట్టె అడుగున కాదు.

ఈ సీజన్లో బొజ్జ వేషం ఒప్పుకున్నవాళ్ళు ఇవాళే చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకుని, ఆ రోజుకల్లా బొజ్జ చేతికి రావాలని, వీపు వైపు మెత్త వెయ్యొద్దని డ్రెస్సులవాళ్ళకు చెప్పండి.